కొలిచేవాళ్ళు లేరు

మూడో అంతస్తు, వంటగది పక్క బల్ల
జూన్ 6

మహారచయిత్రి వదినకు,

నీ నవలలో దేవుళ్ళంతా క్షేమం. నలభై ఒక్కమందిలో నలభైమందికి ఈ రోజుతో పాస్‌పోర్టులు ఇచ్చేశాను. మిగిలిన ఒక్కరి సంగతి చివర్లో చెబుతాను.

ముందు తిట్లు. నవల ముగింపుకొచ్చేసరికి ఫోను తీసి మొగుడి చేతికిచ్చి బీరువాలో పెట్టించుకునే మనిషిని నిన్నే చూశాను. అన్నయ్యకు ఫోన్ చేస్తే, మీ వదిన ఏడో లోకంలో ఉంది, ఉత్తరం రాసుకో అన్నారు. రాసుకుంటున్నాను. ఒకందుకు ఇదే నయం. మా రెండు గదుల ఇంట్లో ఫోన్‌లో గుసగుసలాడినా అమ్మకు వినబడుతుంది. విని ఊరుకోదు, అవతలివాళ్ళకు జవాబు కూడా తనే చెబుతుంది.

ఈ పట్టిక పని నాకు నచ్చింది. పురాణగాథల మీద ఎం.ఏ. చేసి ఎవరిని ఉద్ధరిస్తావని అడిగినవాళ్ళందరికీ ఇప్పుడు చూపించడానికో కాగితం ఉంది. రెండేళ్ళలో మూడు ఉద్యోగాలు వదిలేసిన నీ గాలిపటాన్ని నాలుగో కుర్చీలో కూర్చోబెట్టిన పుణ్యం నీదే. నీ ప్రచురణకర్తల భయం కూడా నాకు అర్థమైంది. ఎవరో రచయిత ఒక కొండవాళ్ళ దేవుణ్ణి తన కాల్పనిక నవలలో విదూషకుణ్ణి చేశాడట. ఆ కొండవాళ్ళు దిగివచ్చి ఆఫీసు ముందు మూడు రోజులు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారట. అరిచి ఉంటే వీళ్ళు తట్టుకునేవాళ్ళే. అప్పటినుంచీ ఏ నవలైనా దేవతల పట్టిక లేకుండా ప్రెస్సుకు పోదు. నాలుగు గళ్ళు: పేరు, ఎక్కడి నుంచి తీసుకున్నది, ఎంత మార్చింది, నేడు కొలిచేవాళ్ళు ఉన్నారా. కింద బయటి పరిశీలకురాలి సంతకం. అంటే నేను.

నీ పాఠకులు ఇదంతా నీ బుర్రలో పుట్టిందనుకుంటారు. నాకు పేజీ పేజీకీ పాత చుట్టాలు కనబడుతున్నారు. నిప్పుల కొండను పాముతో చిలికి చావులేని లోహం తీశావు. ఆ చిలుకుడు ఎక్కడిదో బడిపిల్లలకూ తెలుసు. నీ చక్రవర్తికి పగలూ చావు లేదు, రాత్రీ చావు లేదు. అలాంటి వరం అడిగినవాడెవడూ బాగుపడలేదు, వరంలో సందు వెతకడానికే దేవుళ్ళున్నారు. ప్రపంచాన్ని మోసే చెట్టును మంచుదేశాల నుంచి పెకలించుకొచ్చావు. చనిపోయినవాళ్ళను ఏరు దాటించే పడవవాడు ఇంకో సముద్రం అవతలి మనిషి. అందరినీ తెచ్చి ఒకే ఇంట్లో కాపురం పెట్టించావు. వంటింటి దగ్గర గొడవలు రాకపోతే అదే పదివేలు.

ఇక ఆ ఒక్కరు. ఇరవై తొమ్మిదో వరస: "మెట్ల రాకాసి. మూలం: కల్పితం. మార్పు: లేదు. కొలిచేవాళ్ళు: లేరు." ఆ అధ్యాయం నాకు పంపిన కట్టలో లేదు. చదవకుండా సంతకం ఎలా పెట్టను? పంపించు.

అమ్మ బాగుంది. ఆసుపత్రి బట్టల గదిలో ఇప్పుడు మడతల బల్ల మొత్తానికి ఆవిడే పెద్ద. నీ గురించి ఎప్పుడు మాట వచ్చినా ఒకటే ప్రశ్న: "అది వేళకు తింటోందా?"

నీ మరదలు


గోడకు మొహం పెట్టిన బల్ల
జూన్ 15

గాలిపటానికి,

నీ ఉత్తరం చదివి రెండు నెలల తర్వాత మొదటిసారి పైకి నవ్వాను. మీ అన్నయ్య కంగారుపడి గదిలోకి తొంగిచూశాడు.

నువ్వు పాత చుట్టాలన్నావే, సరిగ్గా అన్నావు. మొదటి పుస్తకంలో దేవుళ్ళందరినీ నేనే పుట్టించాను. ఎవరూ నమ్మలేదు. ఊహించిన దేవుడు ప్లాస్టిక్ పువ్వులాంటివాడు, రంగుంటుంది, తేనెటీగ వాలదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నిజంగా ఏడ్చి మొక్కిన దేవుడైతేనే పేజీలో కదులుతాడు. పాఠకుడికి ఆ ఏడుపు ఎవరిదో తెలియదు, తెలియక్కర్లేదు. తడి మాత్రం తగులుతుంది. ఈ పదేళ్ళలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

ఆ మెట్ల రాకాసి అరపేజీ మనిషి. రాజకుమారుడు కోట ఎక్కేటప్పుడు పిల్లలు భయపడడానికి ఒక నీడ, అంతే. ఆ అధ్యాయం ఇంకా దిద్దుతున్నాను, నా చెయ్యి వదలడం లేదు. ప్రెస్సువాళ్ళు శుక్రవారం లోపల సంతకం కావాలని కూర్చున్నారు. నామీద నీకు నమ్మకం లేకపోతే ఆపు. ఉంటే పెట్టు.

అత్తయ్యకు కళ్ళజోడు గొలుసు పంపిస్తున్నాను. మడతల బల్ల మీద కళ్ళజోడు మర్చిపోయి ఇంటికొచ్చి వెతుక్కోవడం నాకు గుర్తుంది. మేనత్త ఇల్లని మీ ఇంట్లో ఉండి చదువుకున్న ఆ మూడేళ్ళూ నేను ఇంకెక్కడా అంత హాయిగా నిద్రపోలేదు. నా జ్వరం రోజుల్లో సెలవు పెట్టి పక్కన కూర్చున్న మనిషి ఆవిడ. మా అమ్మ కూడా అలా కూర్చోలేదు. వేళకు తింటున్నానని చెప్పు. అబద్ధమే అయినా చెప్పు.

అన్నట్టు, ఆవిడ నా పుస్తకాలు చదువుతుందా? చదవకపోతే బలవంతపెట్టకు. అక్షరాలు మరీ చిన్నవి.

వదిన


మెట్ల మలుపు, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య
నవంబర్ 11

రచయిత్రి గారికి,

మీ నవల రెండో భాగం బాగా అమ్ముడుపోతున్నట్టుంది. మా మెట్ల మీద పిల్లలు వారం రోజులుగా కొత్త ఆట ఆడుతున్నారు. ఒకరు కుడిచెయ్యి చొక్కా లోపలికి లాక్కుని, ఖాళీ చొక్కా చేతిని ఊపుకుంటూ ఈ మలుపులో నక్కి ఉంటారు. మిగతావాళ్ళు పైకి పరుగెత్తుతారు. ఎవరి చెయ్యి దొరికితే వాళ్ళు చచ్చినట్టు లెక్క. ఇదేం ఆట అని అడిగితే, ఒంటిచేతమ్మ ఆట అన్నారు. కింది వాటా అమ్మాయి ఇంట్లోకెళ్ళి మీ పుస్తకం తెచ్చి చూపించింది. ఇక్కడే కూర్చుని చదివాను. అరపేజీ అన్నారు. అరవై రెండు పేజీలుంది.

మీరు అని రాయడం నా వల్ల కాదు. మానేస్తున్నాను.

వదినా, నీకు తెలిసిందే మళ్ళీ రాస్తాను. మర్చిపోయానని నటించడానికి నీకు వీలుండకూడదు.

తమ్ముడికి నాలుగేళ్ళు. నాకు ఎనిమిది. ఆ రోజు ఆసుపత్రిలో లిఫ్టు పనిచేయలేదు. మందు తెమ్మంటే అమ్మ మెట్లు దిగి వెళ్ళింది. తిరిగి ఎక్కుతుంటే మలుపులో ఒక ఆడమనిషి ఎదురైంది, పొడుగు చేతుల రవికకు ఒక చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు తప్పుకున్నారు. అమ్మ పైకి చేరేసరికి తమ్ముడు లేడు. ఆ తర్వాత అమ్మ ఏ దేవుడి పేరూ ఎత్తలేదు. ఏడాది తర్వాత ఒక సాయంత్రం నాతో అంది. మెట్ల మలుపులో ఒక అమ్మ ఉంటుందట. ఒంటరిగా వెళ్ళే పిల్లలకు దారి తెలియదని తన చెయ్యొకటి తీసి వాళ్ళకిచ్చేసిందట. వాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని వెళతారు. మిగిలిన ఒక్క చేత్తోనే ఆమె తన పనంతా చేసుకుంటుంది. ఆమెను ఏమీ అడగకూడదు. బొమ్మ ఉండకూడదు. ముఖం ఉంటే అడగాలనిపిస్తుంది, అంది అమ్మ.

పదహారేళ్ళుగా రోజూ సాయంత్రం తమ్ముడి గళ్ళ చొక్కాను ఎడమచేత్తో మాత్రమే మడుస్తుంది. కుడిచెయ్యి పక్కన తెరిచి పెట్టుకుంటుంది, ఆమె ఎప్పుడైనా తాకాలనుకుంటే ఖాళీగా ఉండాలని. నాన్నకు కూడా చెప్పలేదు. ఆ కథ చెప్పింది ఇద్దరికి. నాకు. జ్వరంతో పడుకున్న నీకు.

నువ్వేం చేశావు? ఆ ఇచ్చిన చేతిని తెగిన చెయ్యి చేశావు. అది మెట్ల మీద పాక్కుంటూ వెళ్ళి నిద్రపోతున్న పిల్లల వేళ్ళు పట్టుకుంటుంది. "ఒంటరిగా వెళ్ళే పిల్లలకు దారి తెలియదు" అన్న మా అమ్మ మాటను ఒక్క అక్షరం మార్చకుండా రాకాసి నోట్లో పెట్టావు. చివర్లో నీ రాజకుమారుడు ఆమె రెండో చెయ్యి కూడా నరుకుతాడు, జనం చప్పట్లు కొడతారు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను. నువ్వు లెక్కపెట్టి ఊరుకోలేదు, వాసం పీకి పట్టుకెళ్ళావు.

"కొలిచేవాళ్ళు: లేరు." దాని కింద సంతకం నాది. చదవకుండా పెట్టాను. నమ్మకం ఉంటే పెట్టు అన్నావు కాబట్టి పెట్టాను.

అమ్మకు ఇంకా తెలియదు. మూడో భాగం నుంచి ఆమెను తీసెయ్. రాకాసిగా ఆమె బొమ్మ వేసిన ఆ అట్ట మార్పించు. అంతకుమించి నీతో నాకు పని లేదు.


గోడకు మొహం పెట్టిన బల్ల
నవంబర్ 20

నీకు,

మూడుసార్లు చదివాను. జవాబు రాయకూడదనుకున్నాను, కానీ నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలిసిన సంగతే నీకు గుర్తుచేస్తాను.

పాత కథల్లో రాకాసులంతా ఎక్కడి నుంచి వచ్చారనుకున్నావు? నీ తరగతిలో నువ్వే రాసిన వ్యాసం నాకు చదివి వినిపించావు. ఒకరు కొలిచిన తల్లి, ఇంకొకరు గెలిచాక వాళ్ళ కథలో పిల్లల్ని తినే ఆడది అవుతుంది. ఓడినవాళ్ళ దేవుళ్ళకు కోరలు మొలుస్తాయి. అప్పుడు ఆ సంగతి నీకు అద్భుతంగా తోచింది, బల్లగుద్ది చెప్పావు. ఇప్పుడు మీ ఇంటి దాకా వచ్చేసరికి దొంగతనమైందా? వేల ఏళ్ళుగా కథలు చెప్పేవాళ్ళు ఇదే చేస్తున్నారు. నేనూ అదే చేశాను. ఆ పడవవాడి కోసం ఎవరూ ఏడవలేదా? ఆ చెట్టుకు ఎవరూ మొక్కలేదా? వాళ్ళకు పాస్‌పోర్టులిచ్చేటప్పుడు జోకులు వేశావు.

ఊళ్ళ పేర్లు లేవు, ఆసుపత్రి లేదు, చొక్కా లేదు. అది చదివి మీ అమ్మ గుర్తొచ్చే మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే.

అయినా ఆ కథ నీ ఒక్కదాని సొత్తు కాదు. అత్తయ్య నాకూ చెప్పింది. నాకు పందొమ్మిదేళ్ళు. జ్వరంలో నా అరచెయ్యి తెరిచి పట్టుకుని చెప్పింది. నీకు చెప్పినప్పుడు ఎంత ఇచ్చిందో నాకు చెప్పినప్పుడూ అంతే ఇచ్చింది. ఇచ్చినదాన్ని నేనేం చేసుకోవాలో నువ్వు చెప్పకు.

అట్ట మార్చడం నా చేతుల్లో లేదు. మూడో భాగం సగం రాశాను. కావాలంటే ముగింపులో ఆమెను మంచిదాన్ని చేస్తాను. నిజానికి ఆమె పిల్లల్ని కాపాడుతోందని తేలుతుంది. పాఠకులకు అలాంటి మలుపంటే ఇష్టం. నీకూ తృప్తిగా ఉంటుంది.

అత్తయ్యకు తెలియకుండా చూడు. అది మాత్రం నీ చేతుల్లో ఉంది.


మూడో అంతస్తు, వంటగది పక్క బల్ల
డిసెంబర్ 9

వదినకు,

నీ మలుపు నీ దగ్గరే ఉంచుకో. నరికేదీ నువ్వే, అతికించేదీ నువ్వేనా?

నా వ్యాసం సంగతి నిజమే. బల్లగుద్ది చెప్పాను. అప్పుడు ఆ ఓడినవాళ్ళు నాకు కాగితం మీద మనుషులు. వాళ్ళలో ఎవరికీ సాయంత్రం చొక్కా మడిచే అలవాటు ఉంటుందని నాకు తోచలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక తేడా ఉంది. ఊళ్ళు గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ ఇంట్లో మూడేళ్ళు అన్నం తినలేదు.

నీ ప్రచురణకర్తలకు రాశాను. ఇరవై తొమ్మిదో వరస తప్పని, కొలిచేవాళ్ళు ఉన్నారని, సంఖ్య ఒకటని, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. మర్యాదగా జవాబు వచ్చింది. ఒక్క మనిషి కొలిస్తే దాన్ని విశ్వాసం అనరట, వ్యక్తిగతమైన అలవాటు అంటారట. పట్టిక విశ్వాసాల కోసమే గానీ అలవాట్ల కోసం కాదట. ఇక ముందు నా సేవలు అక్కర్లేదట. ఆఫీసు ముందు మూడు రోజులు కూర్చోవడానికి అమ్మ ఒక్కతే అయిపోయింది మరి.

అమ్మకు తెలిసింది. నేను చెప్పలేదు.

పుస్తకంతో పాటు పేజీ గుర్తు పెట్టుకునే అట్టముక్క ఇస్తున్నారు కదా, ఆమె ముఖం వేసి. పిల్లలు దాన్ని మా మెట్ల మలుపులో గోడకు అంటించారు. రెండుసార్లు చింపేశాను. మూడోది నాకంటే ముందు అమ్మ చూసింది. డ్యూటీ నుంచి వచ్చి ఎక్కుతూ ఆగిందట. కింది వాటా అమ్మాయి కథంతా ముద్దుముద్దుగా చెప్పిందట, రాసింది ఎవరో కూడా. అమ్మ ఆ పిల్లతో, బాగా చెప్పావమ్మా అని అందట. తర్వాత పుస్తకం అడిగి తెచ్చుకుంది. భోజనాల విరామంలో మడతల బల్ల మీద పెట్టుకుని నాలుగు రోజుల్లో చదివేసింది. నువ్వు పంపిన గొలుసున్న కళ్ళజోడుతోనే.

ఐదో రోజు సాయంత్రం చొక్కా తీసింది. ఎడమచేత్తో మొదలుపెట్టింది. ఆగింది. రెండు చేతులతో చకచకా మడిచి, ఆసుపత్రి దుప్పటిని పెట్టినట్టు అలమరలో పెట్టేసింది. ఏమైందమ్మా అన్నాను. కళ్ళు మూసుకుంటే ఆ ముఖమే వస్తోంది అంది. పదహారేళ్ళుగా అక్కడ ఏ ముఖమూ లేదు వదినా. ఉండకూడదనే జాగ్రత్తపడింది. నువ్వు ఒకటి పెట్టావు.

నిన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మూడు రోజుల తర్వాత నన్ను అడిగింది.

"ఆ ముఖం అది ఎక్కడ చూసింది?"

చూడలేదమ్మా, కల్పించింది అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. చెయ్యి నేను చెప్పిందే, మెట్లు నేను చెప్పినవే, మాట కూడా నాదే, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసినది ముఖం ఒక్కటే కల్పిస్తుందా అంది. ఆ తర్వాత అంది:

"అది నిజంగా ఆమె ముఖమే అయితే, నా కొడుకు ఎవరి చెయ్యి పట్టుకుని వెళ్ళినట్టు?"

రోజూ అన్నం ముందు కూర్చుని ఇదే ఆలోచిస్తోంది. నేను ఎంత చెప్పినా నా మాటకు విలువ లేదు, ఆ ముఖం పెట్టింది నేను కాదుగా. నీ వాదాలు, వేల ఏళ్ళు, ఓడినవాళ్ళు, అవన్నీ పక్కన పెట్టు. ఆ ముఖం ఎక్కడిదో నిజం రాయి. నాకు కాదు, అమ్మకు. నీ చేతిరాతతో.


వెనక గది, నేల మీద
డిసెంబర్ 17

గాలిపటానికి,

ఈ కవర్లో రెండు కాగితాలున్నాయి. చిన్నది అత్తయ్యకు. ఇది నీకు ఒక్కదానికే. చదివి చించెయ్.

రెండేళ్ళ క్రితం వేసవిలో నాకు ఐదో నెల. ఎవరికీ చెప్పలేదు, ఆరో నెల రానిచ్చి చెబుదామనుకున్నాం. ఆరో నెల రాలేదు. మీ అన్నయ్యకూ డాక్టరుకూ తప్ప ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆడపిల్ల.

ఇంటికి పంపే రోజు మీ అన్నయ్య కాగితాల పని చూసుకుంటుంటే నేను లిఫ్టు ఎక్కకుండా మెట్ల వైపు వెళ్ళాను. మలుపులో కూర్చున్నాను. కుడిచెయ్యి తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏమీ అడగలేదు, నియమం గుర్తుంది. గంట సేపు కూర్చున్నాను. కాపలా మనిషి వచ్చి, లిఫ్టు బాగానే ఉందమ్మా, అన్నాడు. అంతే. ఇంకెవరూ రాలేదు.

మీ అమ్మకు పదహారేళ్ళు తోడున్న మనిషి నాకు గంట సేపు తోడు రాలేదు. ఆ వారంలోనే ఆ అధ్యాయం రాశాను. నేను రాసినవాటిలో ఒక్క మాటా కొట్టేయకుండా రాసింది అదొక్కటే. ఇంకా దిద్దుతున్నానని నీకు రాసింది అబద్ధం.

పట్టికలో ఆ గడి నింపేటప్పుడు అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చిన భక్తురాలు ఒక్కతే, ఆమె ఆ మెట్ల మీద నుంచి లేచి వచ్చేసింది. లేరు అని రాశాను. అత్తయ్య గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది. దిద్దలేదు. నీకు అధ్యాయం పంపకపోవడం మాత్రం తెలిసే చేశాను.

అత్తయ్యకు ఇది చెప్పొద్దు. చెబితే, ఆ మెట్ల అమ్మ నీ బిడ్డ చెయ్యి కూడా పట్టుకునే ఉంటుంది అంటుంది. అంత మెత్తగా అంటుంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి వింటే నేను తట్టుకోలేను.

వదిన


(చిన్న కాగితం)

అత్తయ్యకు నమస్కారం.

ఆ ముఖం నేను ఎక్కడా చూడలేదు. బొమ్మ వేసే ఆయన, రాకాసి మీ మనసులో ఎలా ఉందో చెప్పండి అన్నాడు. చెప్పలేకపోయాను. మీరే ఒకసారి కోపంగా చూడండి, ఫోటో తీసుకుంటాను అన్నాడు. చూశాను. దానికి ముడతలు, కోరలు, జుట్టు ఆయన కలిపాడు. అడుగున ఉన్నది నా ముఖమే. జుట్టును వేలితో మూసి చూస్తే మీకు తెలుస్తుంది.

ఆవిడ ముఖం నాకు తెలియదు. మీరు తమ్ముణ్ణి ఎవరి చేతికి పంపానని నమ్మారో, వాడు ఆ చేతిలోనే ఉన్నాడు. అక్కడ నేను లేను.

మీ మేనకోడలు


మూడో అంతస్తు, వంటగది పక్క బల్ల
డిసెంబర్ 28

వదినా,

చిన్న కాగితం ముందు ఇచ్చాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, గోడ మీద నుంచి ఊడదీసిన ఆ అట్టముక్క తెచ్చుకుని, నువ్వు చెప్పినట్టే జుట్టు మీద బొటనవేలు పెట్టింది. అవును, కనుబొమలు దానివే అంది. ఆమె భుజాలు కిందికి దిగడం నాకు కనబడింది. నెల రోజులుగా అవి చెవుల దాకా ఉన్నాయి. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చెయ్యి కడుక్కుంటూ అడిగింది, ఇంత కోపంగా ఎవరిని చూసింది అని. తెలియదు అనొచ్చు. నీ పెద్ద కాగితం నా పుస్తకంలో ఉంది, చించలేదు. తీసి ఇచ్చేశాను.

అమ్మ మనశ్శాంతి కోసం ఇచ్చానని రాస్తే నమ్ముతావు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నీ రహస్యం నా చేతిలో ఉంది. మా రహస్యం నీ చేతిలో ఉన్నప్పుడు నువ్వేం చేశావో నాకు గుర్తొచ్చింది. ఇచ్చిన మరుక్షణం తెలిసింది, అది ఎంత తేలికైన పనో. నువ్వు ఎందుకు చేశావని ఇక అడగను. ఇందుకు నన్ను క్షమించమనీ అడగను. నువ్వూ ఎక్కడా అడగలేదు, వెతికి చూశాను.

అమ్మ రెండుసార్లు చదివింది. నువ్వు భయపడిన మాట అనలేదు. వేళ్ళ మీద లెక్కలేవో కట్టుకుని, నాతో కాదు, తనలో తను అన్నట్టు అంది.

"ఐదో నెల బిడ్డ నడవలేదుగా. చెయ్యి పట్టుకుని ఎలా వెళుతుంది? ఎత్తుకోవాలి. ఆవిడకు మిగిలింది ఒక్క చెయ్యి. దాంతో బిడ్డను ఎత్తుకుంటే, ఇక మెట్ల మీద కూర్చున్న దీని చెయ్యి పట్టుకోవడానికి ఇంకో చెయ్యెక్కడిది?"

నేను చదివిన ఏ పురాణగాథలోనూ ఇలాంటిది లేదు వదినా. అయినా రోజూ అనే మాటలా ఎంత మామూలుగా అందో.

ఆదివారం ఉదయం బండికి నీ దగ్గరకు బయలుదేరుతోంది. ఈ మాట తనే చెబుతుందట, నీకు ముందుగా రాయొద్దని నా దగ్గర మాట తీసుకుంది. అదీ తప్పాను. ఎందుకంటే, ఈ మాట విన్న క్షణంలో నీ ముఖం ఎలా మారుతుందో అమ్మ చూడకూడదు. ఇప్పుడే ఏడ్చెయ్. ఆదివారం మొదటిసారి విన్నట్టు విను. నటించడం నీకు కొత్త కాదు, ఈ ఒక్కసారి మా అమ్మ కోసం నటించు.

ఇది మూడో భాగంలో నాకు కనబడకూడదు. కనబడదని నువ్వు ఒట్టు పెట్టినా నమ్మలేను. ఇకపై నువ్వు రాసే ప్రతి పుస్తకం కొని, ఈ మాట కోసం చివరి పేజీ దాకా వెతుకుతాను. నా ఉద్యోగం ఇక అదే.

అమ్మకు రైలు దిగాక మెట్లు ఎక్కడం కష్టం, నువ్వే స్టేషనుకు రా. ఆవిడ ఒక్కతే వస్తోంది. నేను రాను.